ఉగ్రవాదం ముందు విశేషణం

2007 వేసవిలో, మక్కా మసీదు పేలుడు జరిగిన కొన్ని వారాలకి, పాతబస్తీలో మేం నడిపే కుట్టు కేంద్రానికి ఒకావిడ రావడం మానేసింది. మేమందరం ఆవిణ్ణి ఖాలా అని పిలిచేవాళ్ళం. ఒంట్లో బాగాలేదేమోనని చూడటానికి వెళ్ళాను. చిన్న కొడుకుని పోలీసులు తీసుకుపోయి అప్పటికి ఆరు రోజులైందని ఇంటికి వెళ్ళాకే తెలిసింది. ఎక్కడ పెట్టారో, ఎందుకు తీసుకెళ్ళారో ఎవరూ చెప్పటం లేదు. అడగటానికి వెళ్తే, ఇక్కడికి ఎవర్నీ తేలేదని పంపేస్తున్నారు.

ఖాలా ఏడవలేదు. ఎవరింట్లోనో అడిగి తెచ్చుకున్న తెలుగు పేపరు నా ముందు పెట్టింది. "నాకు తెలుగు చదవటం రాదు బేటీ, మావాడి గురించి ఏం రాశారో చదివి చెప్పు" అంది. పేపర్లో ఆ అబ్బాయి పేరు లేదు. పాతబస్తీలో కొందరు ఉగ్రవాదుల్ని అదుపులోకి తీసుకుని విచారిస్తున్నారని మాత్రం ఉంది. ఆ మాట దగ్గర నాకు నోరు రాలేదు. "కొందరు కుర్రాళ్ళని" అని మార్చి చదివాను. ఖాలా నా మొహంలోకి చూసి, "దహషత్‌గర్ద్ అని రాశారు కదా?" అని అడిగింది. నేను తల దించుకున్నాను.

తొమ్మిదో రోజున అబ్బాయి ఇంటికొచ్చాడు. అతని మీద కేసు లేదు. కేసు లేకపోవటం అదృష్టమనే అనుకున్నాం. తర్వాత్తర్వాత తెలిసొచ్చింది, కేసు లేదంటే నిర్దోషి అని చెప్పే కోర్టు కూడా లేదని. పేపరు వేసిన పేరుని తీసేసేవాళ్ళు ఎవరూ లేరు. అతని పని పోయింది. ఆ ఏడాదే అక్కకి కుదిరిన సంబంధం తప్పిపోయింది. అబ్బాయి తరఫువాళ్ళు కారణం ఏమీ చెప్పలేదు. ఖాలా కూడా అడగలేదు.

మన సమావేశాల్లో ఉగ్రవాదం గురించి, ముస్లింల అరెస్టుల గురించి మాట్లాడుకున్నప్పుడల్లా ఒక మాట వస్తుంటుంది. జైళ్ళు, చిత్రహింసలు, ఉద్యోగాలు పోవటం ఇంత పెద్ద సమస్యలు పెట్టుకుని, ప్రభుత్వం ఏ పదం వాడింది, ఏ పదం వాడలేదు అన్న చర్చ ఎందుకని. అది చదువుకున్నవాళ్ళ ముచ్చట అని. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవటం లేదు. ఎందుకో చెప్పటానికే ఇది రాస్తున్నాను.

ఈ చర్చ ఎక్కువగా నడిచింది అమెరికాలో. 2001 సెప్టెంబరు 11 దాడులు జరిగిన ఐదు రోజులకి అధ్యక్షుడు జార్జి బుష్, తాము చేయబోయే యుద్ధాన్ని 'క్రూసేడ్' అన్నాడు. క్రైస్తవ సేనలు మధ్యయుగాల్లో ముస్లింల మీద చేసిన మతయుద్ధాల పేరది. ప్రపంచమంతా ఉలిక్కిపడింది. మర్నాడే ఆయన వాషింగ్టన్‌లోని ఇస్లామిక్ సెంటర్‌కి వెళ్ళి ఇస్లాం అంటే శాంతి అని చెప్పాడు. సైనిక చర్యకి మొదట 'అనంత న్యాయం' అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. అనంతమైన న్యాయం చేయగలిగింది అల్లా ఒక్కడే అని ముస్లింలు అభ్యంతరం చెప్పాక ఆ పేరూ మార్చారు. ఇదంతా పది రోజుల్లోపే జరిగింది. కానీ 2006 ఆగస్టుకి అదే అధ్యక్షుడు తమ యుద్ధం 'ఇస్లామిక్ ఫాసిస్టుల' మీద అన్నాడు.

2008లో ఆ దేశపు హోంలాండ్ సెక్యూరిటీ శాఖ, అమెరికన్ ముస్లింలతో మాట్లాడి, ఏ పదాలు వాడాలో వాడకూడదో ఒక సలహాపత్రం తయారుచేసింది. దాని సారం ఇది. జిహాద్ అనేది ముస్లింలకి గౌరవమున్న మాట, ధర్మం కోసం చేసే ప్రయత్నం అనే అర్థముంది. హంతకుణ్ణి పట్టుకుని 'జిహాదీ' అంటే, అతను తనకు తాను తగిలించుకున్న బిరుదుని మన నోటితో మనమే ఒప్పుకున్నట్టు. 'ఇస్లామిక్ ఉగ్రవాదం' అంటే ఆ మతంలో ఉన్న కోట్లమందిని అతని వెనక నిలబెట్టినట్టు. అదే ఏడాది బ్రిటన్ హోంమంత్రి జాకీ స్మిత్ ఉగ్రవాద చర్యల్ని 'ఇస్లాం వ్యతిరేక చర్యలు' అని పిలిచింది. రెండుచోట్లా పెద్ద గొడవే జరిగింది. శత్రువు పేరు చెప్పటానికి భయపడుతున్నారని ప్రతిపక్షాలూ, పత్రికలూ వెక్కిరించాయి. ఒబామా ఎనిమిదేళ్ళూ ఈ విశేషణం వాడకుండా జాగ్రత్తపడ్డాడు. 2017 జనవరిలో ట్రంప్ ప్రమాణస్వీకార ప్రసంగంలోనే ఆ మాట వాడి, వారం తిరక్కుండా ఏడు ముస్లిం దేశాలవాళ్ళు అమెరికాలో అడుగుపెట్టకుండా ఉత్తర్వు ఇచ్చాడు.

ఇక్కడ మనం రెండు విషయాలు గమనించాలి. మొదటిది, ఆ సలహాపత్రం ముస్లింల గౌరవం కోసం మాత్రమే రాసింది కాదు. ఉగ్రవాదులకి మతం పేరున మద్దతు దొరక్కుండా చేయటం దాని అసలు లెక్క. అందులో తప్పులేదు కానీ, అది ప్రభుత్వం తన అవసరం కోసం చేసుకున్న మర్యాద. అవసరం మారితే మర్యాద మారుతుంది, మారింది కూడా. రెండోది, మంచి మాటలు మాట్లాడుతూనే చెడ్డ పనులు చేయొచ్చు. ఇస్లాం అంటే శాంతి అన్న ప్రభుత్వమే, మరుసటి ఏడాది 25 దేశాల మగవాళ్ళు ప్రభుత్వం దగ్గరికొచ్చి వేలిముద్రలు వేసి నమోదు చేసుకోవాలంది. అందులో ఉత్తర కొరియా తప్ప మిగతావన్నీ ముస్లింలు ఎక్కువగా ఉండే దేశాలే. 80 వేలమందికి పైగా వచ్చి నమోదు చేసుకుంటే, వాళ్ళలో 13 వేలమందికి పైగా దేశం వదిలిపొమ్మని నోటీసులు అందుకున్నారు. ప్రసంగంలో లేని విశేషణం ఉత్తర్వులో ఉందన్నమాట.

మన దగ్గర ఇది తిరగబడి ఉంటుంది. మన చట్టాల్లో ఆ విశేషణం లేదు. 1985లో వచ్చిన టాడాలో గానీ, 2002 నాటి పోటాలో గానీ, ఇప్పుడున్న ఉపా చట్టంలో గానీ ఉగ్రవాద చర్య అంటే ఏమిటో చెప్పినచోట ఏ మతం పేరూ లేదు. బాంబు, తుపాకి, ప్రజల్లో భీతి కలిగించే ఉద్దేశం, దేశ సమైక్యతకి ముప్పు, ఇవే ఉన్నాయి. విశేషణం వచ్చి చేరేది చట్టం బయట. పోలీసు అధికారి ప్రెస్ మీట్లో, మంత్రి సభలో, మర్నాటి పేపర్లో, సాయంత్రం టీవీలో. అక్కడ అన్నదానికి అప్పీలు ఉండదు.

తెలుగువాళ్ళకి ఈ పాఠం కొత్తది కాదు. 'ఎదురుకాల్పులు' అనే మాట ఎన్ని శవాల మీద కప్పారో మనకి తెలుసు. పౌరహక్కుల సంఘాలవాళ్ళు నిజనిర్ధారణకి వెళ్ళి, ఎదురు లేని కాల్పులు ఎదురుకాల్పులు ఎలా అయ్యాయో ఏళ్ళ తరబడి రాశారు. రైతుకూలీ సంఘంలో తిరిగినవాడు 'తీవ్రవాది' అయ్యాడు, అన్నం పెట్టిన ఆడమనిషి 'సానుభూతిపరురాలు' అయింది. టాడా వచ్చింది పంజాబు కోసమన్నారు, ఇక్కడి పల్లెల్లో కూడా వాడారు. దేశం మొత్తమ్మీద డెబ్భై వేలమందికి పైగా ఆ చట్టం కింద జైలుకి వెళితే, శిక్షలు పడినవాళ్ళు నూటికి ఇద్దరు కూడా లేరు. చట్టం 1995లో పోయింది. ముద్ర పోయిందా? 2019లో ఉపాకి చేసిన సవరణతో, ఏ కోర్టూ శిక్ష వేయకుండానే ఒక మనిషిని ఉగ్రవాది అని ప్రకటించే అధికారం కేంద్ర ప్రభుత్వానికి వచ్చింది. అంటే ఇప్పుడు మాటే తీర్పు.

ఇక మక్కా మసీదు విషయానికి వస్తాను. 2007 మే 18న శుక్రవారం నమాజు సమయంలో పేలిన బాంబుకి తొమ్మిదిమంది చనిపోయారు. తర్వాత జరిగిన పోలీసు కాల్పుల్లో మరో ఐదుగురు పోయారు. చనిపోయింది ముస్లింలు, అనుమానితులూ ముస్లింలే. పదుల సంఖ్యలో పిల్లల్ని పట్టుకుపోయారు. రాష్ట్ర మైనారిటీస్ కమిషన్ నియమించిన న్యాయవాది జైళ్ళకి వెళ్ళి వాళ్ళతో మాట్లాడి, చిత్రహింసలు పెట్టారని నివేదిక ఇచ్చారు. కేసులు పెట్టినవాళ్ళని కోర్టులు నిర్దోషులని వదిలేశాయి. 2010లో దర్యాప్తు ఇంకో దారి పట్టి, స్వామి అసీమానంద్‌నీ మరికొందరినీ అరెస్టు చేశారు. 2011 చివర్లో రాష్ట్ర ప్రభుత్వం, అన్యాయంగా పట్టుకున్న 70 మందికి 70 లక్షల పరిహారం ప్రకటించింది. జైల్లో ఉండొచ్చిన ఇరవైమందికి తలా మూడు లక్షలు, మిగతావాళ్ళకి ఇరవై వేలు. దాంతోపాటు, ఈ కేసులతో వీళ్ళకి సంబంధం లేదని ఒక సర్టిఫికెట్. 2013లో హైకోర్టు ఆ పరిహారం చెల్లదంది. 2018 ఏప్రిల్ 16న ప్రత్యేక కోర్టు అసీమానంద్‌తో సహా విచారణ ఎదుర్కొన్న ఐదుగురినీ నిర్దోషులని విడిచిపెట్టింది. ఇవాళ్టికీ ఆ పద్నాలుగు ప్రాణాలకి జవాబు చెప్పినవాళ్ళు లేరు.

ఆ సర్టిఫికెట్ గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. తన బిడ్డ ఉగ్రవాది కాడని ప్రభుత్వం సంతకం చేసిచ్చిన కాగితం ఒక తల్లి ఇంట్లో ఉండాల్సిన పరిస్థితి ఏమిటి? మనలో ఎంతమంది ఇళ్ళలో అలాంటి కాగితం ఉంది? మనకి దాని అవసరమే ఎందుకు రాలేదు? ఖాలా కొడుక్కి ఆ కాగితం కూడా రాలేదు. అతన్ని తీసుకెళ్ళినట్టు ఎక్కడా రాసి లేదు కనక.

అయితే బాంబులు పేల్చినవాళ్ళే లేరా అని అడుగుతారు. ఉన్నారు. అదే ఏడాది ఆగస్టు 25న గోకుల్ చాట్ దగ్గర, లుంబినీ పార్కులో పేలుళ్ళకి 42 మంది చచ్చిపోయారు. చాట్ తినటానికి వచ్చినవాళ్ళు, సెలవు సాయంత్రం షికారుకి వచ్చిన పిల్లలు. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు కోసం నిలబడ్డవాళ్ళు. ఆ కేసుల్లో కోర్టులు శిక్షలు వేశాయి. ఆ పనులు చేసినవాళ్ళు తమ ముఠాకి 'ఇండియన్ ముజాహిదీన్' అని మతం పేరే పెట్టుకున్నారు. వాళ్ళు మతం పేరు చెప్పుకుంటుంటే మనం దాచిపెట్టడం దేనికని అడిగేవాళ్ళని నేను తప్పుపట్టను. పోయినవాళ్ళ ఇళ్ళకి కూడా మనం వెళ్ళాం, ఆ దుఃఖం మనకి తెలుసు.

దాచమని అనటం లేదు. ఏ ముఠా చేసిందో దాని పేరు చెప్పాలి. వాళ్ళు మతాన్ని ఎలా వాడుకుంటున్నారో, ఎవరు డబ్బిస్తున్నారో, ఏ మాటలతో పిల్లల్ని లాక్కుంటున్నారో వివరంగా చెప్పాలి. ఆ రాజకీయాన్ని ముందుగా ఎదిరించింది ముస్లిం స్త్రీలే అని కూడా చెప్పాలి. ముఠా పేరు చెప్పటం వేరు, ముఠా వాడుకున్న మతం పేరుని నేరానికి ఇంటిపేరు చేయటం వేరు. మొదటిది చేస్తే ముఠా ఒంటరిదవుతుంది. రెండోది చేస్తే ముఠాకి ఒక జాతిని అప్పజెప్పినట్టవుతుంది.

ఇందులో ఎంత న్యాయముందో, తమదాకా వచ్చినప్పుడు అందరికీ అర్థమైంది. 2010 ఆగస్టులో కేంద్ర హోంమంత్రి చిదంబరం పోలీసు ఉన్నతాధికారుల సమావేశంలో 'కాషాయ ఉగ్రవాదం' అన్నారు. 2013 జనవరిలో ఆయన తర్వాత వచ్చిన షిండే జైపూర్‌లో 'హిందూ ఉగ్రవాదం' అన్నారు. పెద్ద దుమారం లేచింది. కాషాయం త్యాగానికి గుర్తు, మొత్తం మతాన్ని అవమానిస్తారా అన్నారు. చిదంబరం సొంత పార్టీయే, ఉగ్రవాదానికి నలుపు తప్ప వేరే రంగు లేదని చెప్పి తప్పుకుంది. షిండే నెల తిరిగేసరికి విచారం వెలిబుచ్చారు. నాకు ఆ మాటలు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చవు. ఎవరో కొందరు చేసిన పని నా పక్కింటి పార్వతమ్మ గారి పూజగదికి చుట్టుకోకూడదు. కానీ ఆకుపచ్చ రంగు విషయంలో ఆ దుమారం ఎందుకు లేవదు? విచారం ఎవరైనా వెలిబుచ్చారా? ఎవరి మతానికి విశేషణం తగిలిస్తే మంత్రి క్షమాపణ చెప్పాలో, ఎవరి మతానికి తగిలిస్తే అది మామూలు తెలుగు వాక్యం అవుతుందో, మెజారిటీ అంటే ఏమిటో అక్కడ తెలుస్తుంది.

న్యూజిలాండులో 2019 మార్చి 15న ఒక తెల్లవాడు రెండు మసీదుల్లో 51 మందిని కాల్చి చంపాడు. ఆ దేశ ప్రధాని జసిండా ఆర్డెర్న్ ఆ రోజే దాన్ని ఉగ్రవాద దాడి అంది. హంతకుడి పేరు తన నోట పలకనంది. అతని పుట్టుమతం పేరు పెట్టి ఆ దాడిని ఎవరూ పిలవలేదు, పిలవాల్సిన అవసరమూ రాలేదు. నెల తిరక్కుండా తుపాకుల చట్టం మార్చారు. మాటా చేతా ఒకచోట ఉండటం అంటే అది.

ఇందులో స్త్రీల ప్రశ్న ఎక్కడుందని మన పత్రిక పాఠకులు అడగొచ్చు. మొదట్నుంచీ ఉంది. 2001 నవంబరులో, ఆఫ్ఘనిస్తాన్ మీద బాంబులు పడుతుండగా, అధ్యక్షుడి భార్య లారా బుష్ రేడియోలో మాట్లాడుతూ ఉగ్రవాదం మీద పోరాటం ఆడవాళ్ళ హక్కుల కోసం చేసే పోరాటం కూడా అంది. ఎన్నో ఏళ్ళుగా ఆఫ్ఘన్ స్త్రీలు మొత్తుకుంటే వినని ప్రభుత్వానికి యుద్ధం మొదలయ్యాక వాళ్ళ బాధ వినిపించింది. ఇరవై ఏళ్ళ తర్వాత, 2021లో, తాలిబన్లతో ఒప్పందం చేసుకుని వెళ్ళిపోయేటప్పుడు ఆ పోరాటం ఊసు లేదు. ఆడపిల్లల హైస్కూళ్ళు మూతపడ్డాయి, 2022 డిసెంబరులో యూనివర్సిటీ తలుపులూ మూశారు. మన హక్కుల భాషని రాజ్యం అరువు తీసుకుంటే ఎలా తిరిగిస్తుందో ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

ఇక్కడ మనకి 'లవ్ జిహాద్' ఉంది. ప్రేమ పక్కన ఉగ్రవాదం వాసన వచ్చే మాట చేర్చి, ఇష్టపడి పెళ్ళి చేసుకున్న ఆడపిల్లని యుద్ధంలో పోగొట్టుకున్న భూమిలా చూసే మాట అది. కేరళలో ఇరవై నాలుగేళ్ళ హోమియోపతి విద్యార్థిని మతం మారి పెళ్ళి చేసుకుంటే, హైకోర్టు ఆ పెళ్ళి రద్దు చేసింది, ఉగ్రవాద కేసులు చూసే జాతీయ దర్యాప్తు సంస్థ ఆమె పెళ్ళిని విచారించింది. ఆమె నెలల తరబడి తండ్రి ఇంట్లో నిర్బంధంలో ఉంది. చివరికి 2018 మార్చి 8న, మన మహిళా దినం నాడు, సుప్రీంకోర్టు ఆ పెళ్ళి చెల్లుతుందని చెప్పింది. 2020 ఫిబ్రవరిలో కేంద్ర హోంశాఖ సహాయ మంత్రిగా ఉన్న మన కిషన్ రెడ్డి గారే లోక్‌సభలో, ఆ మాటకి ఏ చట్టంలోనూ నిర్వచనం లేదని, కేంద్ర సంస్థలేవీ అలాంటి కేసు చూపలేదని లిఖితంగా జవాబిచ్చారు. ఆ ఏడాది నవంబరులోనే ఉత్తరప్రదేశ్ మతమార్పిడి ఆర్డినెన్సు తెచ్చింది. ఆర్డినెన్సులో ఆ మాట లేదు, అది తెచ్చినవాళ్ళ ప్రసంగాల నిండా అదే. పార్లమెంటులో లేదన్న మాట వీధిలో ఆడపిల్ల జుట్టు పట్టుకుని ఈడ్చింది.

ఇంకో నష్టం కూడా ఉంది, దాని గురించి మనం తక్కువ మాట్లాడతాం. బస్తీల్లో తలాక్ కేసుల్లో, మెహర్ కేసుల్లో, చదువు మాన్పించిన పిల్లల కోసం మతపెద్దలతో గొడవపడే ముస్లిం కార్యకర్తలున్నారు. బయటినుంచి మతం మీద ముద్ర పడిన ప్రతిసారీ వాళ్ళ పని పదేళ్ళు వెనక్కి పోతుంది. "మన పిల్లల్ని పట్టుకుపోతుంటే ఇప్పుడా నీ మెహర్ గొడవ?" అని నోరు మూయిస్తారు. అలా మంత్రి నోటి మాట చివరికి మతపెద్ద చేతికి కర్రలా అందుతుంది. రెండువైపులా దెబ్బ తినేది ఆ ఆడవాళ్ళే.

మన రిపోర్టులు కూడా ఒకసారి తిరగేయండి. నేను మా సంస్థవి తిరగేశాను. 'సున్నిత ప్రాంతం', 'సమస్యాత్మక బస్తీ' అని రాశాం. ఆ మాటలు పోలీసులవి. నిధులిచ్చేవాళ్ళకి తొందరగా అర్థమవుతుందని వాడాం. అనుమానితుడు, నిందితుడు, దోషి అనే మూడు మాటలకి తేడా చూపకుండా రాసిన చోట్లు కూడా కనబడ్డాయి. సిగ్గేసింది.

అందుకే కొన్ని విషయాలు మనం గట్టిగా అడగాలని నా ప్రతిపాదన. నేరం పేరు చెప్పండి, ముఠా పేరు చెప్పండి, మతం పేరుని నేరానికి తగిలించకండి, ఏ మతమైనా సరే. ఒకే రకం పనికి ఒకే మాట వాడండి. మసీదులో పేలినా, గుడిలో పేలినా, సంతలో పేలినా అది ఉగ్రవాదమే. కోర్టు చెప్పేదాకా ఎవర్నీ ఉగ్రవాది అని ప్రెస్ మీట్లో పిలవొద్దు, ముసుగు వేసి కెమెరాల ముందు నిలబెట్టొద్దు. పట్టుకున్నప్పుడు ఎంత గట్టిగా చెప్పారో, వదిలిపెట్టినప్పుడూ అంత గట్టిగా చెప్పండి. తీసుకెళ్ళి వదిలేసిన ప్రతి మనిషి పేరూ రికార్డులో ఉండాలి. మాట మార్చినంత మాత్రాన జైళ్ళు ఖాళీ కావని నాకు తెలుసు. కానీ ఆ జైళ్ళలోకి మనుషుల్ని తోసేటప్పుడు ఊరు ఊరంతా చూస్తూ ఊరుకునేలా చేసేది ఆ మాటే.

ఖాలా ఇప్పుడు లేదు. అక్క పెళ్ళి ఆలస్యంగానైనా జరిగింది. కొడుకు ఆటో నడుపుకుంటున్నాడు. ఆ రోజు పేపరు మార్చి చదివినందుకు ఖాలా నన్నేమీ అనలేదు. వెళ్ళొస్తానని లేస్తుంటే, "నువ్వు చదివినట్టే వాళ్ళూ రాసి ఉంటే ఏం పోయేది?" అని మాత్రం అంది. నా దగ్గర అప్పుడు జవాబు లేదు. ఇప్పుడు ఆ ప్రశ్న మీ ముందు పెడుతున్నాను.